చెవుల పరీక్షలో ఫెయిలైనవాళ్లు

మా ఆయనకు చెవులు వినబడవని ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఆయన ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. "నువ్వే మెల్లగ మాట్లాడ్తవు" అంటాడు. నేను మెల్లగా మాట్లాడతానట! సూరత్ లింబాయత్‌లో మా గల్లీ ఈ చివర నిలబడి "కూర దించిన, రాండ్రి" అని నేను పిలిస్తే ఆ చివర పాన్ డబ్బా వాడు తలెత్తి చూస్తాడు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మేమిద్దరం పొద్దస్తమానం కొట్లాడుకుంటామనుకుంటారు. కొన్నాళ్లకు వాళ్లకే అర్థమవుతుంది, నేను ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నానని.

ఆయన పేరు లస్మయ్య. సిరిసిల్ల పక్క ఊరు మాది. ఇరవై రెండేళ్లుగా ఒకే సేఠ్ దగ్గర, ఒకే కార్ఖానాలో మగ్గాలు నడుపుతున్నాడు. నేను ఇంట్లోనే మెస్ పెట్టాను. మగ్గాల మీద పనిచేసే మనవాళ్లు పద్దెనిమిది మంది నా దగ్గరే తింటారు. మధ్యాహ్నం డబ్బాలు కట్టి కార్ఖానాకు నేనే తీసుకుపోతాను కాబట్టి ఆ షెడ్డు నాకు కొత్త కాదు. లోపలికి అడుగు పెడితే పళ్లు కూడా అదురుతాయి. అక్కడ నోటితో మాట్లాడేవాడు ఎవడూ ఉండడు, అంతా చేతులతోనే. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ వచ్చిందని. భుజం తట్టుకుంటే పని చూసే మాస్టర్ ఇటే వస్తున్నాడని. నలభై అడుగుల దూరంలో ఎవడి కనుబొమ్మ కదిలినా మా ఆయన పట్టేస్తాడు. చెవులు పోయినవాడికి కళ్లు అంత పదునెక్కాయి.

పోయిన నెల ఆ కార్ఖానాకు ఒక బండి వచ్చింది. పై దేశం కంపెనీ ఏదో సేఠ్ దగ్గర బట్ట కొంటానందట, అయితే పనివాళ్ల ఆరోగ్యం కాగితాలు చూపించమందట. అందుకని సేఠ్ చెవులు పరీక్ష చేసే బండిని పిలిపించాడు. ముప్ఫై ఎనిమిది మంది వరుసగా నిలబడ్డారు. ఒక్కొక్కరే బండెక్కి, చెవులకు మూతలు పెట్టుకుని, కూ అని చప్పుడు వినబడినప్పుడల్లా వేలెత్తాలి. దిగిన తర్వాత తలా ఒక కాగితం ఇచ్చారు. దాని మీద ఒక గీత, కింద ముద్ర, సంతకం.

మా ఆయన కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "సూడు. ఫస్ట్ క్లాస్ పాస్. ఇరవై ఏండ్ల సంది నన్ను చెవిటోడంటివి."

నేను నిజంగానే సిగ్గుపడ్డాను. అయితే ఈ మనిషికి అన్నీ వినబడుతున్నాయి, నా మాట మాత్రమే లెక్కచేయడం లేదా అనుకున్నాను. ఆ రోజు కోపంతో కూరలో కారం కాస్త ఎక్కువే పడింది. పద్దెనిమిది మందీ నోరెత్తకుండా తిన్నారు.

ఇది జరిగిన వారానికి, శనివారం సాయంత్రం, మాస్టర్ గొంతుతో అందరి ఫోన్లకూ ఒక మెసేజ్ వచ్చింది. "కాన్ కే టెస్ట్ మే జో ఫేల్ హై, ఏక్ తారీఖ్ సే ఉన్‌కో మషీన్ నహీ మిలేగీ." అంతే. చెవుల పరీక్షలో ఫెయిలైనవాళ్లకు ఒకటో తారీఖు నుంచి మగ్గం లేదు. ఒకటో తారీఖు మంగళవారం.

ఫెయిలైనవాళ్లు పదకొండు మంది. వాళ్లలో పరమేశ్ ఒకడు. మా పిన్ని కొడుకు, ముప్ఫై నిండలేదు. ఐదేళ్ల కింద "సూరత్ రారా, పని ఉన్నది" అని వాణ్ని పిలిపించింది నేనే. ఇక్కడికి వచ్చాకే పెళ్లయింది, వాడి భార్య సంధ్య ఇప్పుడు ఏడో నెల గర్భిణి. ఆదివారం మధ్యాహ్నం వాడు నా మెస్‌లో పళ్లెం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద ముట్టలేదు.

చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట అన్నారు. చెవుల్లో ఏదో రోగం పాకుతోందట, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందట, అందుకే తీసేస్తున్నారట. ఫెయిలైన కాగితం ఉన్నవాడికి పక్కనున్న కిమ్ ఊళ్లో గానీ ఇంకెక్కడ గానీ ఎవరూ పని ఇవ్వరట. "చింపేయి దాన్ని, కాగితం లేకపోతే ఏం చేస్తరు" అని ఒకడు సలహా ఇచ్చాడు. ఇద్దరు అప్పటికే చింపేశారు. పరమేశ్ జేబులోంచి తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"జర ఆగురా" అని నేను అరిచాను. "తెలిసినోళ్లను అడుగుదాం. డాక్టరమ్మ వచ్చే యాళ్లయింది."

డాక్టరమ్మ అంటే పద్మజ. జగిత్యాల పిల్ల, ఇక్కడ పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు చదువు చదువుతోంది. హాస్టల్‌లో గుజరాతీల పప్పులో కూడా చక్కెర వేస్తారని ఏడ్చి, ఒక ఆదివారం ఎవరో చెబితే నా గడప తొక్కింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం జొన్నరొట్టెకు వస్తుంది. ఆ రోజు వచ్చీరాగానే నేను రొట్టె కంటే ముందు కాగితం చేతిలో పెట్టాను.

ఆమె కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూసింది. "ఎన్నేండ్లయింది నువ్వు మగ్గం మీద?"

"ఐదు" అన్నాడు పరమేశ్. "డాక్టరమ్మా, ఇది అంటుకునే రోగమా? పుట్టబోయే పిల్లకు వస్తదా?"

"రోగం కాదు తమ్ముడూ." ఆమె గీత మీద వేలు పెట్టింది. "ఇటు చూడు. వయసు మీద పడి వినికిడి పోతే గీత మెల్లమెల్లగ కిందికి దిగుతది. నీది గట్ల లేదు. ఇక్కడి దాక సాఫీగ వచ్చి, ఇక్కడ ఒక్కకాడ గుంత పడి, మల్ల లేచింది. ఇది చప్పుడు చేసిన గాయం. మీ షెడ్డు చేసింది. నువ్వు ఏం తప్పు చేయలేదు, నీ రక్తంల ఏం లేదు, ఎవ్వరికీ అంటదు."

పరమేశ్ ఊపిరి వదిలాడు. "తగ్గుతదా?"

"పోయింది రాదు" అని ఆమె దాచకుండా చెప్పింది. "ఉన్నది మాత్రం కాపాడుకోవచ్చు. చెవులకు కప్పులు పెట్టుకోవాలె, మధ్యమధ్యల చప్పుడుకు దూరంగ ఉండాలె. ఈ పరీక్ష చేసేదే గందుకు. మనుషుల్ని తీసేయనీకి కాదు."

నేను మా ఆయన కాగితం కూడా తెచ్చి చూపించాను. ఫస్ట్ క్లాస్ కదా, మంచి కాగితం ఎలా ఉంటుందో ఆమె చెబితే వాడికి కొంచెం తెలుస్తుందనుకున్నాను. పద్మజ దాన్ని చూసింది. మళ్లీ చూసింది. పైన పేరు చదివింది.

"ఇరవై రెండేండ్లు అదే షెడ్డులనా? అక్కా, ఇది పదేండ్ల పిల్లగాని చెవి."

మా ఆయన మా వైపు వీపు పెట్టి, గోడకు ఆనించిన పీట దగ్గర రొట్టె తుంచుకుంటున్నాడు. పద్మజ చప్పుడు చేయకుండా వెళ్లి ఆయన వెనకాల నిలబడింది. మామూలు గొంతుతో, "లస్మయ్యన్నా, మంచినీళ్లు కావాల్నా?" అంది. ఆయన పప్పు కలుపుకున్నాడు. ఆమె మళ్లీ అడిగింది. మూడోసారి ఇంకొంచెం గట్టిగా అడిగింది. మెస్‌లో అందరూ తినడం ఆపేశారు. ఆయన మాత్రం ఉల్లిగడ్డ కొరుక్కుని నమిలి, ఎందుకో తలతిప్పి చూశాడు. అందరి ముఖాలూ ఆయన మీదే ఉన్నాయి.

"ఏందుల్లా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా పోయి నిలబడ్డాను. "నిజం చెప్పు. ఎట్ల పాసైనవు?"

 ఆయన నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. బండిలో ఆయన కూర్చున్న కుర్చీకి ఎదురుగా గోడకు తళతళలాడే స్టీలు రేకు ఉందట. పరీక్ష చేసేవాడు వెనకాల కూర్చున్నా, మీట నొక్కినప్పుడల్లా వాడి మోచేయి కదలడం ఆ రేకులో కనబడిందట. మోచేయి కదిలినప్పుడల్లా ఈయన వేలెత్తాడు. "కళ్లు మూసుకోమన్నడు గని, నేను పని కాడ ఎన్నడన్న కళ్లు మూసుకున్ననా?" అన్నాడు. దిగి వచ్చి, వరుసలో నిలబడ్డవాళ్లందరికీ చేతితో సైగ చేసి చెప్పేశాడు. రేకు. మోచేయి. వేలు. ఈయన వరుసలో పద్నాలుగోవాడు. ముందు పోయిన పదమూడు మందిలో పదకొండు మంది ఫెయిలు, కొత్తగా చేరిన ఇద్దరే పాస్. ఈయన నుంచి చివరి దాకా ఇరవై ఐదు మందీ పాస్.

"మంచికే చెప్పిన గదా" అన్నాడు ఆయన. "పని పోవద్దని చెప్పిన."

నేను పరమేశ్ వైపు చూశాను. కళ్లు మూసుకొమ్మంటే కళ్లు మూసుకుని, వినబడిన వాటికి మాత్రమే వేలెత్తినవాడు వాడు. వాడి నిజాయితీ చూసి ముద్దొచ్చింది, జాలీ వేసింది.

అప్పుడు నేను బుచ్చిరాములు సారును పిలిపించాను. సారు మునిసిపాలిటీ తెలుగు బడిలో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాడు. మా గల్లీలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆయనే. గుజరాతీ పేపరు చివరి ముక్క దాకా చదువుతాడు, ఎవరికి ఏ నోటీసు వచ్చినా ఆయన కళ్లద్దాల కిందికే పోతుంది. సారు వచ్చి, మజ్జిగ తాగి, పరమేశ్ కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు.

"ఇది చింపుదామనుకున్నరా మీరు?" అన్నాడు. "పిచ్చోళ్లారా. మగ్గం చెక్క ఎగిరి తగిలి కన్ను పోతే దాన్ని ఏమంటరు?"

"పనిల తగిలిన దెబ్బ" అన్నాడు పరమేశ్.

"చప్పుడుతోని చెవి పోతే? అదీ గంతే. చట్టంల రాసే ఉన్నది. పనిల దెబ్బ తగిలినోణ్ని గేటు బయటికి తోస్తే సేఠ్ జవాబు చెప్పాలె. ఇగ ఈ ముద్ర ఎవరిది? సేఠ్ పిలిపించిన బండిది. తారీఖు ఉన్నది, సంతకం ఉన్నది. నీ చెవులు ఆయన షెడ్డుల పోయినయని ఆయనే సాక్ష్యం తయారుచేసి నీ జేబుల పెట్టిండు."

మెస్‌లో ఒక్కసారిగా గొంతులు లేచాయి. కాగితాలు చింపేసిన ఇద్దరూ చెత్తబుట్ట ఎక్కడ పారబోశారో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు. సారు చేయెత్తాడు.

"ఆగుండ్రి. నేను సేఠ్‌నైతే ఏమంట తెలుసా? 'నా షెడ్డుల ఏం తప్పు లేదు. అదే చప్పుడుల ఇరవై ఏడు మంది పాసైనోళ్లు ఉన్నరు, ఇరవై రెండేండ్ల లస్మయ్య ఉన్నడు, వాళ్ల చెవులు పిల్లల చెవుల లెక్క ఉన్నయి. ఈ పదకొండు మంది ఊరి నుంచే చెవులు చెడగొట్టుకొని వచ్చిన్రు' అంట. ఎవడు కాదంటడు?"

 సారు ఏమన్నాడో మా ఆయన పెదవుల మీదే చదివాడు, నాకు తెలుసు. ఆయన చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. పరమేశ్ మగ్గాన్ని లాగేసేది సేఠ్ కాదు, ఈయన ఫస్ట్ క్లాస్ కాగితమే.

అందరూ వెళ్లిన తర్వాత ఆయన గడపలో కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను, ముఖం కనబడేలా.

"నాకు యాభై ఒకటి" అన్నాడు. "నేను చెవిటోణ్నని నా నోటితోని చెప్పుకుంటే, రేపు నాకు మగ్గం ఎవడిస్తడు? ఇంకో పని నాకేం వస్తది?"

"తెల్వది" అన్నాను. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. "గని పరమేశ్‌గాని పెండ్లాం రేపు నీళ్లాడితే ఆ పిల్లను నేనే ఎత్తుకోవాలె. ఏ ముఖం పెట్టుకొని ఎత్తుకోవాలె?"

 ఆయన లేచి, చెప్పులేసుకుని గల్లీలోకి నడిచాడు. నేను గడపలోంచి చూస్తూనే ఉన్నాను. పాన్ డబ్బా దగ్గర నలుగురు, మెట్ల మీద ముగ్గురు, పంపు దగ్గర ఇద్దరు. ప్రతిచోటా ఆగాడు. నోరు విప్పలేదు. రేకు, మోచేయి, వేలు, తర్వాత అడ్డంగా ఊపిన చేయి, ఆ పాస్ ఉత్తదని ఒప్పుకుందామని. కొందరు తల తిప్పుకున్నారు. ఒకడు కోపంగా ఏదో సైగ చేసి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఈయన ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు, వాడు మళ్లీ బయటికి వచ్చేదాకా.

సోమవారం మధ్యాహ్నం నేను డబ్బాలు తీసుకుపోయేసరికి షెడ్డు అదిరిపోతోంది. మా ఆయన నన్ను చూశాడు. చేయి పైకెత్తి, కిందికి దించాడు. ముప్ఫై ఎనిమిది మంది ఒక్కసారే మీటలు లాగారు.

అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేను ఎన్నడూ వినలేదు. పైకప్పు రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినబడింది. ఆ నిశ్శబ్దమే సేఠ్‌ను ఏసీ గదిలోంచి బయటికి లాక్కొచ్చింది. వెనకాలే మాస్టర్.

"శూ థయూ? ఏమైంది, కరెంటు పోయిందా?" అన్నాడు సేఠ్.

"కరెంటు ఉన్నది సేఠ్" అన్నాడు మా ఆయన. హిందీలోనే మాట్లాడాడు. "పదకొండు మందిని తీసేస్తున్నరట. ఎందుకు?"

సేఠ్ చెడ్డవాడు కాదు. మా బిడ్డ రుచిత పెళ్లికి వచ్చి భోజనం చేసి పోయినవాడే. చిరాకు పడలేదు, నచ్చజెప్పే గొంతుతోనే అన్నాడు, "వాళ్లు ఫెయిలయ్యారు లస్మా. చెవులు వినబడనివాడు మిషన్ల మధ్య ఉంటే ప్రమాదం. వాళ్ల మంచికే. అయినా నీకేం, నువ్వు పాసయ్యావు కదా?"

"నేను కాపీ కొట్టిన సేఠ్."

సేఠ్‌కు అర్థం కాలేదు. మా ఆయన జేబులోంచి ఫస్ట్ క్లాస్ కాగితం తీశాడు. "పరీక్షల కాపీ కొట్టిన. పరీక్ష చేసేటోని మోచేయి చూసి వేలెత్తిన. ఇగో ఈ ఇరవై నాలుగు మందికి నేనే చెప్పిన. ఈ కాగితం ఉత్తది. మా అందరిని మల్ల పరీక్ష చేయించు, కళ్లకు గుడ్డ కట్టి చేయించు. ఫెయిలైతే అందరం ఫెయిలైతం. తీసేస్తే అందరిని తీసేయి. చెవులు ఎక్కడ పోయినయో కూడ రాయించు."

"దిమాగ్ ఖరాబ్ హో గయా క్యా?" అన్నాడు మాస్టర్.

సేఠ్ నవ్వడానికి ప్రయత్నించాడు. "ఇదేం మాట లస్మా? ఇరవై రెండేళ్లుగా నేను పిలుస్తున్నాను, నువ్వు పలుకుతున్నావు. నీకు చెవులు వినబడవంటే నేను నమ్మాలా?"

"ఇరవై రెండేండ్ల సంది నీ నోరు చూస్తున్న సేఠ్. ఇప్పుడు పిలువు." అలా అని వెళ్లి, షెడ్డు గోడకు ఎదురుగా నిలబడి, మాకందరికీ వీపు పెట్టాడు.

సేఠ్ పిలిచాడు. "లస్మా." మామూలుగా, రోజూ పిలిచినట్టే. ఆ వీపు కదల్లేదు. చెమటకు తడిసిన బనియన్, దాని మీద తెల్లగా అంటుకున్న దారప్పోగులు. "లస్మా" అన్నాడు మళ్లీ, రెండడుగులు ముందుకు వేసి. కదల్లేదు. ఇంట్లో ఇన్నేళ్లు నా మాట లెక్కచేయలేదని నేను తిట్టుకున్నది ఈ వీపునే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆపుకోలేదు కూడా.

"లస్మా!" అని సేఠ్ గొంతు చించుకుని అరిచాడు. పావురాలు లేచిపోయాయి.

మా ఆయన నెమ్మదిగా తిరిగాడు. "ఆఁ సేఠ్. గిప్పుడు వినబడ్డది. మాట్లాడితే వినబడదు. అరిస్తే వినబడ్తది." అని మళ్లీ గోడవైపు తిరిగాడు.

పరమేశ్ వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు, గోడవైపే. తర్వాత ఇంకొకడు. నిన్న తలుపు వేసుకున్నవాడు కూడా వెళ్లాడు. పాసైనవాళ్లు, ఫెయిలైనవాళ్లు, కొత్తగా చేరి చక్కగా వినబడే ఆ ఇద్దరితో సహా ముప్ఫై ఎనిమిది మంది గోడ పొడవునా నిలబడ్డారు. సేఠ్ ముందు ముప్ఫై ఎనిమిది వీపులు.

సేఠ్ ఒక్కొక్కరినే పేరుతో పిలిచాడు. ఎవ్వరూ తిరగలేదు. మాస్టర్ పిలిచాడు. తిరగలేదు. చివరికి సేఠ్ నా వైపు చూశాడు.

"వినోదాబెన్, నీకు వినబడుతుంది కదా. నువ్వైనా చెప్పు వీళ్లకు."

నాకు వినబడుతుంది. ఆ షెడ్డులో అందరికంటే మంచి చెవులు నావే. నేను డబ్బాల సంచి కింద పెట్టాను. వెళ్లి పరమేశ్ పక్కన నిలబడి, ముఖం గోడకు తిప్పాను. గోడ నిండా నూనె మరకలు, వాటిలో అంటుకున్న పోగులు.

వెనకాల సేఠ్ చెప్పులు అటూ ఇటూ నడిచిన చప్పుడు. తర్వాత సేఠ్ గొంతు, మెల్లగా, అలసటగా, మాస్టర్‌తో అంటోంది: "ఆ బండివాళ్లకు ఫోన్ చెయ్. అందరికీ మళ్లీ టెస్ట్. చెవి కప్పులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కో. అప్పటిదాకా ఎవరినీ తీసేది లేదు, రేపు అందరూ మిషన్ మీదికి రావాలి."

ప్రతి మాటా విన్నాను. పక్కన పరమేశ్ భుజం బిగుసుకునే ఉంది, వాడికి ఆ మాటలు చేరలేదు. అటు పక్కన మా ఆయన గోడనే చూస్తున్నాడు.

నేను తిరగలేదు. వాళ్లకు చెప్పలేదు. ఆ మాట సేఠే చెప్పాలి. ఇంకోసారి, ముప్ఫై ఎనిమిది మందికీ వినబడేలా, అరిచి చెప్పాలి.